బోల్టులు సరిపోతే బ్రేకు పడినట్టేనా?

పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లు ముందు ఇంజిన్ గురించి మాట్లాడతారు. తర్వాత పెయింటు, ఆ తర్వాత సైలెన్సర్ సౌండు. బ్రేకుల గురించి మాట్లాడేవాడు వందలో ఒకడుంటే గొప్ప. ఇన్‌స్టాలో చూడండి, యాభై ఏళ్ల కారు స్టార్ట్ చేసే రీల్స్ కుప్పలు తెప్పలు. అదే కారుని ఆపే రీల్ ఒక్కటైనా కనిపించిందా?

అందుకే ఈ వారం ఆపడం గురించి. సూటిగా చెప్పాలంటే, 1966 ఫోర్డ్ మస్టాంగ్‌కి 1974 ఫోర్డ్ మావరిక్ తాలూకు బ్రేక్ మాస్టర్ సిలిండర్ బిగించడం గురించి. అమెరికాలో పాత మస్టాంగ్‌లు బాగుచేసేవాళ్ల మధ్య ఇది బాగా నలిగిన విద్యే. ఆస్టిన్‌లో ఉంటున్న మా ఫ్రెండ్ ఒకడు చేశాడు. నేను పక్కన ఫోన్ లైటు పట్టుకుని, లెక్కలు కట్టి పెట్టాను. మస్టాంగ్ మనకెందుకులే అనుకోకండి. ఇంటి వెనక షెడ్డులో తాతగారి పద్మినో, అంబాసిడరో దుమ్ము కొట్టుకుపోయి ఉన్నవాళ్లకి కూడా ఇదే లెక్క.

మాస్టర్ సిలిండర్ అంటే పెద్దగా ఏమీ లేదు, ఒక ఇనుప సిరంజి. మీరు పెడల్ తొక్కితే ఒక కడ్డీ, అంటే పుష్‌రాడ్, లోపలి పిస్టన్‌ని తోస్తుంది. పిస్టన్ బ్రేక్ ఆయిల్‌ని పైపుల్లోకి నెడుతుంది. ఆ ఒత్తిడి చక్రాల దగ్గరికి వెళ్లి డ్రమ్ములో షూలనో, డిస్క్ మీద ప్యాడ్లనో నొక్కుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో పాస్కల్ నియమం చదివి, రెండు మార్కులకి రాసి మర్చిపోయాం కదా, అదే. దాన్ని కార్లలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు మాల్కం లాగ్‌హెడ్. ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? లాక్‌హీడ్ విమానాల కంపెనీ అన్నదమ్ముల్లో ఆయన ఒకరు. విమానం ఎగరేసే కుటుంబం నుంచి కారు ఆపే విద్య వచ్చిందన్నమాట.

అసలు గొడవ ఎక్కడుందంటే, 1964 ఏప్రిల్ 17న మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచి 1966 మోడల్ దాకా మస్టాంగ్‌లో మాస్టర్ సిలిండర్‌కి ఒకటే గది. ఒకటే పిస్టన్, ఒకటే దారి. నాలుగు చక్రాలకీ ఆయిల్ అందులోంచే వెళ్లాలి. ఎక్కడో వెనక చక్రం దగ్గర అరవై ఏళ్ల నాటి రబ్బరు గొట్టం పగిలిందనుకోండి, తొక్కిన ఆయిలంతా ఆ కన్నంలోంచి రోడ్డు మీదకి పోతుంది. ముందు చక్రాలకి కూడా ఏమీ మిగలదు. పెడల్ మెత్తగా నేలకి తగులుతుంది, కారు మాత్రం పోతూనే ఉంటుంది. మా ఫీల్డులో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. సర్వర్ విషయంలో అయితే రాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది, లేచి సరిచేస్తాం. ఇక్కడ లేచి సరిచేసే టైం ఉండదు.

దీనికి మందు అప్పటికే ఉంది. 1962 మోడల్ కాడిలాక్‌లకే రెండు గదుల మాస్టర్ సిలిండర్ వచ్చేసింది. ఒకే గొట్టంలో ఒకదాని వెనక ఒకటి రెండు పిస్టన్లు. ఒకటి ముందు చక్రాలకి, ఇంకోటి వెనక చక్రాలకి. ఒక దారి తెగితే ఆ పిస్టన్ ఖాళీగా వెళ్లి ఆనుకుంటుంది, పెడల్ మామూలు కంటే కిందకి దిగుతుంది, కానీ రెండో దారి పనిచేస్తుంది. ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది కానీ ఆగుతుంది. మస్టాంగ్‌కి 1967 మోడల్‌లో ఇది పెట్టారు. 1968 జనవరి 1 నుంచి అమెరికాలో కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు. అంటే 1966 కారు కొన్నవాడు ఆ మార్పుకి ఒక్క ఏడాది తేడాలో ఆగిపోయాడు.

మావాడి మస్టాంగ్‌కి ఇంకో తలనొప్పి తోడయింది. అమ్మినవాడెవరో ముందు చక్రాలకి డ్రమ్ములు తీసేసి డిస్క్‌లు పెట్టించాడు. ఫొటోల్లో భలే ఉంది. మాస్టర్ సిలిండర్ మాత్రం పాత ఒంటిగది డ్రమ్ములదే వదిలేశాడు. పదిహేను నిమిషాలు తిప్పి వచ్చేసరికి ముందు చక్రాల దగ్గర కాలిన వాసన. చెయ్యి దగ్గర పెడితే సెగ కొడుతోంది.

కారణం ఏంటంటే, డ్రమ్ముల కోసం చేసిన పాత మాస్టర్ సిలిండర్ మూతి దగ్గర ఒక చిన్న వాల్వు ఉంటుంది. పెడల్ వదిలేశాక కూడా అది పైపులో కాస్త ఒత్తిడిని, దాదాపు 10 పీఎస్ఐని, పట్టి ఉంచుతుంది. డ్రమ్ములకి అది మేలే. వీల్ సిలిండర్‌లో రబ్బరు కప్పులు గోడకి అంటుకుని ఉంటాయి, గాలి లోపలికి దూరదు. షూలని వెనక్కి లాగడానికి గట్టి స్ప్రింగులు ఉంటాయి కాబట్టి ఆ కాస్త ఒత్తిడి వాటిని ఏమీ చెయ్యలేదు. డిస్క్‌కి అలాంటి స్ప్రింగులు ఉండవు. అదే ఒత్తిడి ప్యాడ్లని ఎప్పుడూ డిస్క్‌కి రాస్తూనే ఉంచుతుంది. కారు నడిచినంతసేపూ బ్రేకు కొద్దిగా పడే ఉంటుందన్నమాట. డ్రమ్ముకి మందు అయింది డిస్క్‌కి జబ్బు అయింది. ముందు చక్రాలు మార్చినవాడికి బానెట్ కింద ఉన్న ఈ సంగతి తట్టలేదో, తట్టినా ఎలాగూ అమ్మేసే కారే కదా అనుకున్నాడో మరి.

సరే, ఏ కారుది పెట్టాలి? మావరిక్ పేరు ఇక్కడే వస్తుంది. మస్టాంగ్, మావరిక్ రెండూ ఫోర్డ్ ఫాల్కన్ అనే మామూలు ఫ్యామిలీ కారు వంశంలోంచే వచ్చాయి. అందుకే ఇంజిన్‌కీ, మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే రేకు గోడ మీద మాస్టర్ సిలిండర్ బిగించే రెండు బోల్టుల దూరం కలిసిపోతుంది. మావరిక్‌కి ముందు డిస్క్, వెనక డ్రమ్, బూస్టర్ లేకుండా వచ్చిన మాస్టర్ సిలిండర్ ఒకటుంది. మావాడి కారులో ఉన్నదీ సరిగ్గా అదే ఏర్పాటు. పైగా విడిభాగాల షాపుల్లో ఇప్పటికీ దొరుకుతుంది, ధర కూడా మస్టాంగ్ పేరు మీద అమ్మే కిట్లకంటే చాలా తక్కువ. పేరులో గుర్రం ఉంటే రేటు కూడా పరిగెడుతుంది, అది వేరే కథ.

అరగంటలో పాతది విప్పి కొత్తది ఆనించాడు. బోల్టులు వెన్నలో దిగినట్టు దిగాయి. "చూశావారా మామా, అయిపోయింది. పైపులు తగిలించి బండి తీసేద్దాం" అన్నాడు.

"బోల్టులు పట్టడం ఒకటి, బ్రేకు పట్టడం ఇంకోటి రా" అన్నాను. కోడ్ రాసేవాళ్లకి ఇది కొత్త కాదు. లైబ్రరీ మార్చాం, కంపైల్ అయింది, ఎర్రర్ ఏమీ రాలేదు. లోపల అది ఏం చేస్తోందో చూడకుండా ప్రొడక్షన్‌లో పెడతామా?

మొదట చూడాల్సింది బోర్, అంటే పిస్టన్ వెడల్పు. డ్రమ్ముల పాత మస్టాంగ్‌ది ఒక అంగుళం. ఈ మావరిక్‌ది 15/16 అంగుళం. తేడా అంగుళంలో పదహారో వంతు. ఈ మాత్రానికి ఏమవుతుంది అనిపిస్తుంది. లెక్క కడదాం. బూస్టర్ లేని కారులో పెడల్ మీటలా పనిచేసి మన కాలి బలాన్ని సుమారు ఆరు రెట్లు చేస్తుందనుకోండి. 50 కిలోల బలంతో తొక్కితే పిస్టన్ మీద 300 కిలోలు పడతాయి. అంగుళం బోర్ వైశాల్యం 5.07 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 59 కిలోలు. 15/16 బోర్ వైశాల్యం 4.45, ఒత్తిడి 67 కిలోలు. అదే కాలు, అదే తొక్కుడు, దాదాపు 14 శాతం ఎక్కువ ఒత్తిడి. డిస్క్‌లకి డ్రమ్ముల కంటే గట్టి ఒత్తిడి కావాలి కాబట్టి ఇది మనకి లాభమే.

అయితే ఇక్కడ ఏదీ ఉచితం కాదు. సన్నని సిరంజి ఒకసారి తోస్తే తక్కువ మందే వెళ్తుంది. అంతే ఆయిల్ నెట్టాలంటే పెడల్ కూడా అదే 14 శాతం ఎక్కువ దిగాలి. అందుకే సన్న బోర్ పెట్టిన వెంటనే చాలామంది "పాతదే గట్టిగా ఉండేది, ఇది మెత్తగా ఉంది" అంటారు. చెక్కలా గట్టిగా ఉన్న పెడల్ మంచి బ్రేకుకి గుర్తు అనుకోవడం ఒక భ్రమ. బోర్ మరీ పెద్దదైతే పెడల్ రాయిలా ఉంటుంది, కారు మాత్రం ఆగదు. అలాగని ఇంకా సన్నదానికి, ముప్పావు అంగుళానికి పోతే? ఒత్తిడి 105 దాకా వెళ్తుంది, వినడానికి బ్రహ్మాండం. కానీ చక్రాల దగ్గర పిస్టన్లు నిండేలోపే పెడల్ నేలకి తగలొచ్చు. తెలిసిన కొలత ఉన్న పార్టు వాడటంలో ఉన్న సుఖం ఇదే. పక్క కారుది దొరికింది కదా అని వెర్నియర్ పెట్టి కొలవకుండా బిగించేవాళ్లని చూస్తే నాకు భయం.

రెండోది పుష్‌రాడ్. నన్నడిగితే ఈ పని మొత్తంలో ప్రాణం పోయేది ఇక్కడే. పాతదాని పొడవు, కొత్తదానికి కావలసిన పొడవు ఒకటి కాదు. అందుకే తిప్పి పొడవు సర్దుకునే పుష్‌రాడ్ కొనడం మేలు. పొడవు తక్కువైతే పెడల్ సగం దూరం ఊరికే దిగుతుంది. చిరాకే, కానీ వెంటనే తెలిసిపోతుంది. పొడవు ఎక్కువైతేనే అసలు ప్రమాదం. మాస్టర్ సిలిండర్ లోపల ఆయిల్ డబ్బాలోకి ఒక సన్నని కన్నం ఉంటుంది. పెడల్ వదిలినప్పుడు పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చి ఆ కన్నాన్ని తెరవాలి. బ్రేకు వేడికి వ్యాకోచించిన ఆయిల్ అందులోంచి డబ్బాలోకి పోతుంది. పుష్‌రాడ్ ఒక్క రెండు మిల్లీమీటర్లు పొడుగైనా పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, కన్నం మూసుకునే ఉంటుంది. వేడికి పెరిగిన ఆయిల్‌కి పోయే దారి లేదు. అది ప్యాడ్లని నొక్కుతుంది. నొక్కితే ఇంకా వేడి, వేడికి ఇంకా నొక్కుడు. షెడ్డులో ఆగి ఉన్నప్పుడు అంతా బాగానే ఉంటుంది. హైవే మీద ఇరవై నిమిషాలయ్యాక బ్రేకు తనంతట తనే పడిపోతుంది. పెడల్ చేత్తో నొక్కి చూస్తే పిస్టన్‌కి తగిలేలోపు మిల్లీమీటరో, రెండో ఖాళీ ఆట కనిపించాలి. ఆ ఆట లేకపోతే బండి కదపొద్దు.

ఇంకో మెలిక ఉంది. బూస్టర్ ఉన్న కార్ల మాస్టర్ సిలిండర్లలో పిస్టన్ వెనక గుంట లోతు తక్కువ. బూస్టర్ లేని కార్లవాటిలో లోతు ఎక్కువ, పుష్‌రాడ్ అందులో బాగా దిగి కూర్చుంటుంది. బయట నుంచి రెండూ కవలల్లా ఉంటాయి, బోల్టులు కూడా కలవొచ్చు. బూస్టర్‌దాన్ని తెచ్చి బూస్టర్ లేని కారుకి పెడితే, పెడల్ ఒక్కసారి గట్టిగా వెనక్కి ఎగిరినప్పుడు కడ్డీ ఆ తక్కువ లోతు గుంటలోంచి జారిపోవచ్చు. తర్వాత తొక్కితే కాలి కింద ఏమీ ఉండదు. కొనేటప్పుడు వేలు పెట్టి ఆ గుంట లోతు చూడండి, పది సెకన్ల పని.

పైపుల సంగతి మస్టాంగ్‌లో తేలిక. రెండూ ఫోర్డ్‌లే, అంగుళాల థ్రెడ్లే. పాత కారులో ఒకే పైపు వచ్చి ఇత్తడి దిమ్మ దగ్గర మూడుగా చీలుతుంది. ఇప్పుడు వెనక దారిని అందులోంచి విడదీసి, ఆ కన్నాన్ని మూసి, కొత్త మాస్టర్ సిలిండర్ రెండో గదికి కలపాలి. పెద్ద గది డిస్క్‌లకి, చిన్నది డ్రమ్ములకి. ప్యాడ్లు అరిగేకొద్దీ డిస్క్‌లు ఎక్కువ ఆయిల్ లాక్కుంటాయి, అందుకు.

మన దగ్గర పాత కార్లకి మారుతివో, మరోటో పెట్టేవాళ్లు మాత్రం ఇక్కడ ఆగి చూడాలి. బ్రిటిష్ డిజైన్ పాత కార్లలో బ్రేక్ పైపు నట్టు సాధారణంగా 3/8 అంగుళం, అంటే 9.5 మిల్లీమీటర్లు. జపాన్ డిజైన్ కార్లలో 10 మిల్లీమీటర్లు. థ్రెడ్ల మధ్య దూరం కూడా దాదాపు ఒకటే. 3/8 నట్టు 10 మిల్లీమీటర్ల కన్నంలో చక్కగా తిరుగుతూ లోపలికి పోతుంది, పానాతో బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది. కానీ థ్రెడ్లు అంచుల మీదే పట్టుకుని ఉంటాయి. ఒక రోజు ఎమర్జెన్సీలో గట్టిగా తొక్కితే నట్టు ఊడి బయటికి వస్తుంది. మామూలు రోజుల్లో చుక్క కూడా కారదు, అదీ దాని మోసం. పైపు చివర మడత ఆకారం కూడా రెండిటికీ వేరు. టెఫ్లాన్ టేపు చుట్టేస్తే పోతుందిలే అనే మెకానిక్ దొరికితే దండం పెట్టి వచ్చేయండి. బ్రేక్ పైపు మూసుకునేది థ్రెడ్ దగ్గర కాదు, ఆ మడత దగ్గర.

మావాడు ఇవన్నీ సరిచూసుకుని, కొత్త సిలిండర్‌ని ముందు బల్ల మీదే ఆయిల్ పోసి గాలి తీసి, కారుకి బిగించి, నాలుగు చక్రాల దగ్గరా మళ్లీ గాలి తీశాడు. డాట్ 3 ఆయిల్ వాడాడు. ఈ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 మరిగేది కనీసం 205 డిగ్రీల దగ్గర, తేమ పట్టాక 140 దాకా పడిపోవచ్చు. తెరిచి ఏడాదిగా అటక మీద ఉన్న డబ్బాలోది పొయ్యొద్దనేది అందుకే.

మాకు టైం కూడా తక్కువే. వాళ్ల అమ్మానాన్నలు ఇండియా తిరిగి వెళ్లడానికి పది రోజులుంది. ఈలోపు వాళ్లని ఆ కారులో ఫ్రెడరిక్స్‌బర్గ్ వైపు కొండదారుల్లో తిప్పాలని వీడి కోరిక. వాళ్ల నాన్నగారు నరసరావుపేటలో ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైర్ అయ్యారు. రెండు రోజులుగా షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మా వేషాలు చూస్తున్నారు. అంతా అయ్యాక "ఒక్కసారి నన్ను కూర్చోనీరా" అని లోపల కూర్చున్నారు. స్టార్ట్ కూడా చెయ్యలేదు. పెడల్ మీద కాలు పెట్టి అలాగే ఉండిపోయారు. అర నిమిషం. నిమిషం.

"దిగుతోంది నాయనా" అన్నారు.

"లేదు నాన్నా, బోర్ సన్నది కదా, కొంచెం ఎక్కువ దిగుతుంది" అన్నాడు వీడు, నా లెక్కే నాకు వినిపిస్తూ.

"ఎక్కువ దిగడం వేరు, దిగుతూ ఉండటం వేరు. మా బస్సులవి గాలి బ్రేకులు, ఈ ఆయిల్ సంగతి నాకు తెలీదు. కాలి కింద నిలబడాల్సింది నిలబడటం లేదు, అంతే. బాబూ, నువ్వు తొక్కి చూడు."

తొక్కి చూశాను. సన్నగా, గంటల ముల్లు కదిలినట్టు దిగుతోంది. కింద పాకి నాలుగు చక్రాలూ, ప్రతి నట్టూ తుడిచి చూశాం. ఎక్కడా తడి లేదు. బయటికి కారకుండా పెడల్ దిగుతోందంటే ఆయిల్ లోపలే, పిస్టన్ మీది రబ్బరు కప్పు పక్కనుంచి వెనక్కి జారుతోందని అర్థం. గట్టిగా ఒక్కసారి తొక్కినప్పుడు ఇది తెలియదు, బ్రేకు బాగానే పడుతుంది. మెల్లగా తొక్కి పట్టుకుంటేనే బయటపడుతుంది. కొండ దిగేటప్పుడు మనం తొక్కేది సరిగ్గా అలాగే.

కొత్త డబ్బాలో వచ్చినా అది పాతదాన్ని విప్పి, రబ్బర్లు మార్చి అమ్మే రీబిల్ట్ పార్టు. ఇలాంటివి చాలావరకు బాగానే ఉంటాయి, కొన్ని ఉండవు. వారంటీ ఉంది కాబట్టి మార్చి ఇచ్చారు. మావాడు మొహం మాడ్చుకున్నాడు, మళ్లీ మొదటి నుంచి విప్పాలి, మళ్లీ గాలి తియ్యాలి. "ఈ కారుని ఎవడు చెక్ చేస్తాడ్రా ఇప్పుడు" అని గొణిగాడు. నిజమే, 2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో మామూలు ప్రైవేటు కార్లకి సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు. అంటే ఆ పెడల్ మీద ఒక నిమిషం కాలు పెట్టి చూసే మనిషి ఇంట్లోనే ఉండాలి.

కారు ఒరిజినాలిటీ పోయిందని బాధపడేవాళ్లకి ఒక మాట. పాత ఒంటిగది మాస్టర్ సిలిండర్‌ని మావాడు నూనెగుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. షోలో పెట్టి ప్రైజు కొట్టాలంటే మళ్లీ బిగించుకోవచ్చు. రోడ్డు మీద తిప్పే కారుకి మాత్రం ఆ ఒక్క గది మీద నాకు ఎలాంటి మమకారమూ లేదు.

రెండో సిలిండర్ పెట్టాక ముసలాయన మళ్లీ కూర్చున్నారు. ఈసారి రెండు నిమిషాలు పట్టారు. దిగలేదు. తర్వాత ఆదివారం పొద్దున్న ఖాళీ పార్కింగ్ స్థలంలో ముందు 10 మైళ్ల వేగంలో, తర్వాత 20లో, తర్వాత 30లో ఆపి చూశాం. 30లో గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందే బిగుసుకుని జారాయి. బ్రేకు పడగానే బరువంతా ముందుకి ఒరుగుతుంది, తేలికైన వెనక డ్రమ్ములకి అంత ఒత్తిడి అక్కర్లేదు. వెనక పైపులో ఒత్తిడి తగ్గించే వాల్వు ఒకటి బిగించి, కొంచెం కొంచెంగా తిప్పుతూ, ముందు చక్రాలు ముందు బిగిసేదాకా సర్దాం. దానికే ఒక పూట పట్టింది.

వాళ్లు గురువారం ఫ్రెడరిక్స్‌బర్గ్ వెళ్లొచ్చారు. రానూ పోనూ 160 మైళ్లు. రాత్రి నేను వెళ్లేసరికి మావాడు బానెట్ ఎత్తి, డబ్బా మూత తీసి చూస్తున్నాడు. రెండు గదుల్లోనూ ఆయిల్ పోసిన గీత దగ్గరే ఉంది. ముందు చక్రాలు గోరువెచ్చగా ఉన్నాయి.